నాలుగు మార్కుల ప్రశ్న

మార్చి. యార్డుకీ నాకూ ఒకేసారి సీజను.

నల్లపాడు రోడ్డంతా టిక్కీల లారీలు.
మా సందులోకి గాలి కూడా ఎర్రగానే వస్తుంది.
పక్కవాటాలో కొత్తగా దిగిన శ్రీకాకుళం వాళ్లు
తలుపులేసుకుని తుమ్ముతున్నారు.
మేం తలుపులు బార్లా తీసుకుని అన్నం తింటున్నాం.

సైకాలజీ, సీనియర్ ఇంటరు.
కాలేజీ మొత్తానికి పదకొండు మందిమి.
"పిచ్చోళ్ల చదువా అమ్మా అది?" అని
జిరాక్స్ షాపు నాగూర్ బాబాయి
ఇవాళ్టికీ అడుగుతాడు, వేలు తడుపుకుని కాగితాలు లెక్కపెడుతూ.
కాదని చెప్పడానికి నా దగ్గర
రెండు మార్కుల నిర్వచనం ఉంది.
ఆయనకది ఎక్కదు.
నిజానికి నాకే సరిగ్గా ఎక్కలేదు.

గట్టిగా చదివితే గుర్తుంటుందని షంషాద్ మేడం చెప్పింది.
రాత్రి పదకొండింటికి గట్టిగా చదువుతాను.
కొబ్బరినూనె సీసా బోర్లించి దులిపిన నాలుగు చుక్కలు
గోళ్ల సందుల్లో రాసుకుంటూ
అమ్మ గోడకానుకుని వింటుంది.

"స్వల్పకాలిక స్మృతిలో ఏడు అంశాలే నిలుస్తాయి,
రెండు అటూ ఇటూ."

అమ్మ నవ్వింది.
షెడ్డులో ఇరవై ఆరుగురు ఆడవాళ్లు,
తొడిమ తీసినవి ఎవరివి ఎన్ని కిలోలో
సాయంత్రం గుమస్తా తప్పు చదివితే
కాగితం ముక్క లేకుండా సరిచేసేది మా అమ్మే.
సామ్రాజ్యం పద్దెనిమిదిన్నర.
మస్తాన్‌బీ ఇరవై రెండు.
ఏస్తేరు పదిహేనే,
పిల్లాడికి జ్వరమని మధ్యాన్నం ఎళ్లిపోయింది పాపం.
"ఏడేనంటనా? ఎవుర్ని అడిగారంట?"

ఎవర్ని అడిగారో పుస్తకంలో లేదు.
నేను ఏడు అనే రాస్తాను.

గంట మోగితే చొంగ కార్చే కుక్క పాఠం వచ్చినప్పుడు
తమ్ముడు అది తన మీదే అనుకుని అలిగాడు.
వీధి చివర బజ్జీల బండి మీద
జల్లిగరిట టంగుమంటే చాలు
లెక్కల పుస్తకం మూసేస్తాడు మరి.

ఇంద్రియ అనుకూలనం. సోదాహరణముగా వివరింపుము.

గైడులో అత్తరు ఉంది.
పూసుకున్న కాసేపటికి
పూసుకున్నవాళ్లకే వాసన తెలియదట.
మా ఇంట్లో అత్తరు లేదు.
అందుకని నా ఉదాహరణ నేనే రాసుకున్నాను,
నీలం ఇంకుతో, కింద గీత కూడా గీసి:
మిర్చి యార్డులో పనిచేయువారికి
కొంతకాలమునకు ఘాటు తెలియదు.
వారి ఇంద్రియములు అలవాటు పడును.

గర్వంగా చదివి వినిపించాను.

అమ్మ చేతులు ఆగిపోయినై.
"అలవాటు పడ్డామని ఎవురు చెప్పారే నీకు?
మండుద్ది. రోజూ మండుద్ది.
కళ్లు తుడుచుకుందామంటే
ఉండేది ఆ చెయ్యేగా.
చెప్పుకోటం మానేశాం. అంతే."

నూనె సీసా మూత పెట్టి పడుకుంది.

నేను పుస్తకం ముందు కూర్చున్నాను.
చిన్నప్పట్నుంచీ
నా చెంప మీద అమ్మ అరచెయ్యి గుర్తులేదు.
దుప్పటి మోచేత్తో సర్దేది.
ఏడిస్తే కొంగుతో, అదీ ముంజేతికి చుట్టుకుని, తుడిచేది.
చేతులు ఖాళీ లేక అనుకున్నాను.
ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.
ఇది ఏ అధ్యాయంలో వస్తుందో
విషయసూచిక రెండుసార్లు చూశాను.

పరీక్ష పొద్దున
అమ్మ సబ్బుతో చేతులు కడుక్కుంది,
వాసన చూసుకుంది,
మళ్లీ కడుక్కుంది.
చివరికి మోచేత్తోనే నా జడ ముందుకేసి
షెడ్డు ఆటో ఎక్కేసింది.

తొమ్మిదో ప్రశ్న అదే వచ్చింది.
అత్తరు రాశాను.
నాలుగుకి నాలుగూ పడతాయి.

అప్పుడే ఇన్విజిలేటర్ మేడం తుమ్మింది,
ఒకటి, రెండు, ఆగకుండా మూడు.
ఏ ఊరి నుంచి డ్యూటీకొచ్చిందో,
కర్చీఫు అడ్డం పెట్టుకుని
"మీరెలా ఉంటారమ్మా ఈ ఊళ్లో" అంది ఎవరితోనో.

నేను గాలి పీల్చి చూశాను,
తెలిసి, మొదటిసారి.

మండింది.

పెన్ను పట్టుకున్న చేత్తోనే ముక్కు తుడుచుకుని
పదో ప్రశ్న తిప్పాను.